మంజీర పటంలో పైకెందుకు పారుతోంది?

ప్రశ్న: మెదక్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. 3, 4, 5 తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, మొత్తం 26 మంది. పరిసరాల విజ్ఞానంలో ఊరు, పటాలు, పంచాయతీ, పాతకాలం సంగతులు వచ్చేసరికి పిల్లలు జవాబులు గడగడా అప్పజెబుతారు గానీ ఏమీ ఎక్కినట్టు ఉండదు. ఉత్తరం ఎటు అంటే పైకప్పు చూపిస్తారు. మొన్న గోడ మీది పటంలో మంజీర చూపిస్తే మూడో తరగతి పిల్ల "నది పైకెట్ల పోతది టీచర్?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఈ పాఠాలు ఎలా చెప్పాలి? పరీక్షలు కూడా చూసుకోవాలి కదా.

సమాధానం: టీచర్ గారూ, ఆ పిల్ల అడిగినది చాలా మంచి ప్రశ్న. మంజీర సంగారెడ్డి దగ్గర మలుపు తిరిగి, మీ జిల్లా మీదుగా ఉత్తరంగా సాగి, నిజాంసాగర్ దాటి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోడకు వేలాడే పటంలో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి నది గోడ ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. నీళ్లు పైకి పోవని ఆ పిల్లకు తెలుసు. పటం తప్పో తన తెలివి తప్పో తేలక అడిగింది. పైకప్పు చూపించే పిల్లలదీ ఇదే చిక్కు. వాళ్లు చూసిన ఒకే ఒక్క ఉత్తరం గోడ మీద, పైన ఉంది మరి.

అందుకని ముందు పటాన్ని గోడ మీద నుంచి దించి చుట్టి పెట్టండి. ఓ నాలుగైదు వారాల దాకా దాంతో పని లేదు. మీరు అడిగినవాటిలో పటాలకే ఎక్కువ సమయం ఇవ్వండి.

మొదట దిక్కులు. పిల్లలకు వీటి గురించి ఇంట్లో విన్నది కొంత ఉంటుంది. "మీ ఇల్లు ఏ ముఖం?" అని అడిగి రమ్మనండి. తూర్పు ముఖమో ఉత్తర ముఖమో చెప్పలేని ఇల్లు మన ఊళ్లలో అరుదు. "ఏ దిక్కుకు తల పెట్టి పడుకోవద్దంటారు?" అని కూడా అడగండి. వాస్తు మంచిచెడ్డల చర్చలోకి వెళ్లకండి, మనకు కావలసింది దిక్కు పేరు మాత్రమే.

తర్వాత సూర్యుడు. "పొద్దు పొడిచే వైపు తూర్పు" అని చెప్పి వదిలేస్తే ఒక తప్పు దొర్లుతుంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20, సెప్టెంబర్ 23 ప్రాంతాల్లోనే. బడి తెరిచే జూన్‌లో మీ ప్రాంతంలో సుమారు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు, డిసెంబర్‌లో అంతే దక్షిణానికి. మూడో తరగతికి ఈ లెక్క అక్కర్లేదు. మీరు మాత్రం జూన్‌లో సూర్యుణ్ణి చూపించి ఆవరణలో తూర్పు గీత గీసేయకండి. ఆ గీతతో డిసెంబర్‌లో చూస్తే దాదాపు 50 డిగ్రీల తేడా కనిపిస్తుంది, పిల్లలు పట్టేస్తారు.

సరైన గీత కావాలంటే నీడకర్ర పెట్టండి. అర మీటరు తిన్నని కర్రను ఇసుక నింపిన డబ్బాలో నిటారుగా గుచ్చండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడవచ్చు. ఉదయం 10 గంటలకు నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టండి. కర్ర మొదలు నుంచి ఆ గుర్తు దాకా తాడు పట్టి, అదే కొలతతో వృత్తం గీయండి. మధ్యాహ్నానికి నీడ కురచనై వృత్తం లోపలికి వస్తుంది, మళ్లీ పెరుగుతూ రెండు, మూడు గంటల మధ్య వృత్తాన్ని తాకుతుంది. అక్కడ రెండో గుర్తు. రెండింటినీ కలిపిన గీత తూర్పు పడమరలు. ఉదయం గుర్తు పడమర, సాయంత్రం గుర్తు తూర్పు. ఆ గీతకు అడ్డంగా గీసింది ఉత్తర దక్షిణాలు. నీడతో దిక్కు తేల్చే ఈ కర్రకు శంకువు అని పాత పేరు. శంకుస్థాపన అన్న మాటలో ఉన్నది ఆ శంకువే. ఐదో తరగతి పిల్లలకు ఈ సంగతి భలే నచ్చుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. డబ్బా మధ్యలో కదిలితే పనంతా వృథా, కాబట్టి భోజనం గంటలో దాని దగ్గర ఒకరిని కాపలా ఉంచండి. ఇక "పన్నెండింటికి నీడ ఉత్తరానికే పడుతుంది" అన్న అడ్డదారి. మీ ప్రాంతంలో మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, పొట్టి నీడ దక్షిణానికి పడుతుంది. పైగా గడియారం పన్నెండు, సూర్యుడి పన్నెండు ఒకటి కావు. వృత్తం పద్ధతి అన్ని నెలల్లోనూ పనిచేస్తుంది గానీ, జూన్, జులైల్లో మబ్బు పడితే రెండో గుర్తు దొరకదు. అప్పటికి దిక్సూచితో నడిపించి, నవంబర్‌లో ఆకాశం తేటపడ్డాక నీడకర్రతో సరిచూసి రంగుతో శాశ్వతంగా గీయించండి. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప బెంచీ మీదా, బీరువా పక్కనా తప్పు చూపిస్తుంది. ఆవరణ మధ్యలో నిలబడి చూడండి.

దిక్కుల గీతతో పాటే, అదే వారంలో "పై నుంచి చూడటం" మొదలుపెట్టండి. పటం చదవడంలో పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే, మనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. చెట్టు గీయమంటే కాండం, కొమ్మలు గీస్తారు. బల్ల గీయమంటే నాలుగు కాళ్లు నాలుగు వైపులా చాపేస్తారు. అది వాళ్లకు తెలిసిన బల్ల, పై నుంచి కనిపించే బల్ల కాదు. అగ్గిపెట్టె, గ్లాసు, డస్టర్, చెప్పు, తాళంచెవి తెచ్చి పాత పేపరు మీద పెట్టి చుట్టూ గీయించండి. వస్తువులు తీసేసి, వేరే గుంపును పిలిచి ఏ గీత దేనిదో చెప్పమనండి. గ్లాసు గుండ్రంగా మిగిలిందని చూసినప్పుడు "పటంలో నీళ్ల ట్యాంకు ఎట్లుంటది?" అని అడగండి. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకోమనాలి, వాలిస్తే గీత వస్తువు కిందికి దూరి ఆకారం కురచనవుతుంది. పదిహేను నిమిషాల పని. రెండు రోజులు చేస్తే చాలు.

మూడో మెట్టు తరగతి గది. అడుగులతో కొలిపిస్తే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చి తగాదా అవుతుంది. (ఆ తగాదా ఒకసారి కావాలి. అందరికీ ఒకే కొలత ఎందుకో అప్పుడే తెలుస్తుంది.) తర్వాత మీటరు తాడు ఇవ్వండి. గది పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు అనుకుందాం. లెక్కల గళ్ల పుస్తకంలో మీటరుకు రెండు గళ్లు చొప్పున 12 గళ్లు, 10 గళ్లు. కొలిచేది ఐదో తరగతి, గళ్లు లెక్కపెట్టి గీసేది నాలుగు, వస్తువులు ఎక్కడ ఉన్నాయో చూసి చెప్పేది మూడు. మూడు తరగతులు ఒకే గదిలో ఉండటం ఈ పనికి కలిసొచ్చే విషయమే. ముందు తలుపు, నల్లబల్ల, మీ టేబుల్ మాత్రమే పెట్టించి, ఆ తర్వాత ఎవరి చోటు వాళ్లను గుర్తించమనండి.

తమ చోటును గది సగమంత గీసేవాళ్లు ఉంటారు. రబ్బరు ఇవ్వకండి. "బీరువా కన్నా నువ్వు పెద్దగున్నవా?" అంటే నవ్వుకుని వాళ్లే సరిచేసుకుంటారు. ఇంకో సంగతి గమనించండి: కాగితం చుట్టూ నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరు తమ వైపు నుంచి పేర్లు రాస్తారు, సగం తలకిందులుగా ఉంటాయి. చదవడం కష్టమైనప్పుడు "అందరం ఒకే వైపు నుంచి రాద్దామా?" అని వాళ్లే అంటారు. పటంలో ఉత్తరం పైన ఉండటం కూడా ఇలాంటి ఒప్పందమేనని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

గది పటం అయ్యాక సుద్దముక్కల డబ్బా ఒకటి దాచి, పటంలో అక్కడ ఇంటు గుర్తు పెట్టి వెతకమనండి. పటాన్ని వాళ్ల చేతికి కావాలనే అడ్డంగా ఇవ్వండి. పటంలోని నల్లబల్ల నిజం నల్లబల్ల వైపు ఉండేలా కాగితాన్ని తిప్పుకున్న పిల్లకు పటం వచ్చినట్టే. తిప్పకుండా తలకాయ వాల్చి చూసేవాళ్లకు ఇంకో రెండు ఆటలు కావాలి. "పటం అనగానేమి?" అని నిర్వచనం అడిగి తెలుసుకునేదాని కన్నా ఈ ఒక్క పరీక్షలో ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు ఊళ్లోకి. ముందు రోజు మీరొక్కరే ఆ దారిన నడిచి చూడండి. అరకిలోమీటరు, 40 నిమిషాలు చాలు. పెద్ద రోడ్డు దాటే దారి వద్దు. 26 మందికి మీరు కాక మరొక పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు ముందు, ఒకరు వెనక. హెడ్మాస్టర్‌కు చెప్పకుండా బయల్దేరకండి. అన్నీ చూసి రమ్మంటే ఏమీ చూడరు. నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక్కటే పని ఇవ్వండి: ఒకరు మలుపులు రాసుకోవాలి, ఒకరు కుడివైపు ఏమున్నాయో, ఒకరు ఎడమవైపు ఏమున్నాయో, ఒకరు మలుపు నుంచి మలుపుకు అడుగులెన్నో. గుర్తులు ఎనిమిదికి మించొద్దు: బొడ్రాయి, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు, రేషన్ షాపు, పంచాయతీ ఆఫీసు, గుడి, మసీదు, చర్చి, పెద్ద చెట్టు లాంటివాటిలో మీ దారిన ఉన్నవి. ఎవరి వాడలో నుంచి నడవాలన్నది కూడా మీరు ఆలోచించాల్సిన విషయం. ఎప్పుడూ పెద్దబజారుకే వెళితే కొందరు పిల్లల ఇళ్లు పటంలోకే రావు.

తిరిగొచ్చాక కాగితం వద్దు, బడి ఆవరణలో ముగ్గుతో గీయించండి. నీడకర్రతోనో దిక్సూచితోనో తెచ్చిన ఉత్తరం గీతను ముందు వేయండి. దారిలో పది అడుగులు నడిచినదానికి ఇక్కడ ఒక అడుగు. ముగ్గుపిండి రెండు కిలోలు సరిపోతుంది. గాలి లేవకముందే, పొద్దున మొదటి పీరియడ్‌లోనే గీయాలి, ఎండెక్కితే పిండి చెదురుతుంది. వానాకాలమైతే వరండాలో సుద్దతో, కొలత సగానికి తగ్గించుకుని. ఇళ్లకు అగ్గిపెట్టెలు, ట్యాంకుకు బోర్లించిన గ్లాసు, చెట్లకు వేపరెమ్మలు, చెరువుకు నీలం గుడ్డ. ఎక్కువ తప్పులొచ్చేది మలుపుల దగ్గరే. కుడికి తిరిగామా ఎడమకా అని వాదన వస్తే మీరు తీర్పు చెప్పకండి. ఒకరిని ముగ్గు దారిలో బడి నుంచి నడిపించండి, ఒళ్లు తిరిగిన వైపే జవాబు.

అయిపోయాక మీరు డాబా ఎక్కి ఫోన్‌తో ఫోటో తీయండి. పిల్లలను ఎక్కించొద్దు. ఆ ఫోటో కిందికి తెచ్చి చూపిస్తే, తాము తొక్కిన ముగ్గు చేతిలో పట్టే పటమైపోవడం చూస్తారు.

అప్పుడు దించి చుట్టి పెట్టిన పటం తీయండి. నేల మీద పరిచి, పటం పైభాగాన్ని ఆవరణలోని ఉత్తరం గీత వైపు తిప్పండి. మంజీర మీద వేలు పెట్టి సంగారెడ్డి నుంచి మెదక్, నిజాంసాగర్, కందకుర్తి దాకా నడిపించమనండి. నేల మీద పటానికి పై, కింద ఉండవు, ఉత్తరం, దక్షిణం ఉంటాయి. నది ఉత్తరానికి పోతోంది, అంతే. ఎందుకు పోతోందంటే, నేల అటువైపు పల్లంగా ఉంది. ఇసుకతో ఒక వైపు ఎత్తు, ఒక వైపు వాలుగా దిబ్బ చేసి, చెంబుతో నీళ్లు పోయించండి. వాలును దక్షిణానికి పెట్టి ఒకసారి, ఉత్తరానికి తిప్పి ఒకసారి. నీరు పల్లమెరుగు అన్న సామెత పిల్లలు ఇంట్లో వినే ఉంటారు. నీటికి పల్లం తెలుసు గానీ పటం పైభాగం ఏదో తెలియదు. పెన్నా కూడా నంది కొండల్లో పుట్టి, ముందు ఉత్తరంగానే సాగి, తర్వాత తూర్పుకు తిరుగుతుంది. అది కూడా చూపిస్తే మంజీర ఒక్కటే వింత కాదని తెలుస్తుంది. ఆ రోజు నుంచి తరగతిలో "పటంలో పైన ఉన్న ఊరు" అనడం మానేసి "ఉత్తరాన ఉన్న ఊరు" అనండి. పిల్లల నోట అదే వస్తుంది.

పటం ఎప్పటిదో కూడా ఒకసారి చూడండి. 2016 అక్టోబర్ 11కు ముందు అచ్చయినదైతే సిద్దిపేట, సంగారెడ్డి ఇంకా మెదక్ జిల్లాలోనే ఉంటాయి, తెలంగాణ 10 జిల్లాలుగా ఉంటుంది. ఇప్పుడు 33. పాతది పారేయనక్కర్లేదు, ఐదో తరగతికి రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకమనవచ్చు.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. మెదక్ అన్న పేరు పట్టణానిదీ, మండలానిదీ, జిల్లాదీ కూడా. "నువ్వు మెదక్‌లో ఉన్నావా?" అంటే "లేను, మా ఊళ్లో ఉన్న" అంటారు. ఒకే మనిషి ఊళ్లోనూ జిల్లాలోనూ దేశంలోనూ ఒకేసారి ఉండటం ఏడెనిమిదేళ్ల పిల్లలకు నిజంగా కష్టం. పిల్లల ఆలోచన మీద పరిశోధించిన మనస్తత్వవేత్త జీన్ పియాజే స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరం పిల్లలను అడిగినప్పుడూ, జెనీవావాళ్లమైతే స్విట్జర్లాండ్‌వాళ్లం ఎలా అవుతామన్న తరహా జవాబులే వచ్చాయి. ఒకదాంట్లో ఒకటి పట్టే ఐదు గిన్నెలు తెప్పించండి. వాటికి ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, దేశం అని చీటీలు అంటించండి. పిల్ల పేరు రాసిన రాయిని చిన్న గిన్నెలో వేసి, దాన్ని వరసగా పెద్దవాటిలో పెట్టి, "రాయి ఏ గిన్నెలో ఉంది?" అని అడగండి. "చిన్నదాంట్లో" అంటారు. పెద్ద గిన్నె ఎత్తి పక్కగదిలోకి పట్టుకెళ్లండి. రాయి ఎక్కడుందో అప్పుడు అడగండి.

పాతకాలం సంగతులకు దండెం చాలు. మూడో తరగతికి సంవత్సరాలు అంకెలే, "పూర్వం" అంటే అమ్మమ్మ కాలమూ చార్మినార్ కాలమూ ఒకటే. తాడు మీద ఏడాదికి 5 సెంటీమీటర్లు చొప్పున కొలవండి. ఎనిమిదేళ్ల పిల్ల జీవితం 40 సెంటీమీటర్లు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన 2014 కాస్త అవతల. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 నాలుగు మీటర్ల దగ్గర. మీ పిల్లలంతా ఎరిగిన మెదక్ చర్చి 1924 డిసెంబర్‌లో ప్రారంభమైంది, అది ఐదు మీటర్ల దగ్గర వస్తుంది. చార్మినార్ 1591, దానికి దాదాపు 22 మీటర్ల తాడు కావాలి, వరండా చాలక గేటు దాకా పోవాల్సొస్తుంది. పోనివ్వండి. ఆ నడకే వాళ్లకు గుర్తుంటుంది. తాడును ఒకేసారి కట్టేయకుండా రోజుకొక క్లిప్పు చొప్పున ఇప్పటి నుంచి వెనక్కి వెళ్లండి.

తాడుకు వేలాడదీయడానికి అన్నిటికన్నా చవకైన వస్తువు నాణెం. ప్రతి నాణెం మీదా అచ్చయిన సంవత్సరం ఉంటుంది, పిల్లలే చదివి దాని చోట క్లిప్పు పెట్టగలరు. 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయిన పావలా ఇళ్లలో ఎక్కడో డబ్బాలో దొరుకుతుంది. సోల, తవ్వ, మానిక, లాంతరు, తిరగలి తెప్పించవచ్చు, కానీ వాటి మీద సంవత్సరం ఉండదు కాబట్టి "ఇది ఎవరు వాడేవారు, ఎప్పుడు మానేశారు" అని ఇంట్లో అడిగి రావాలి. పెద్దవాళ్లను అడిగే ప్రశ్నలు మూడే ఉండాలి: మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి, దీపం ఏది, బడి ఎక్కడ. "తాత ఏం పని చేసేవాడు?" అని తరగతి అందరి ముందూ అడగకండి. ఆ జవాబు వెంట కులమూ, వెట్టీ, అవమానమూ రావచ్చు. నాన్న లేని పిల్లలు, నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఉంటారని గుర్తుంచుకుని "ఇంట్లో పెద్దవాళ్లు" అనే అనండి.

పంచాయతీ పాఠానికి రెండు పీరియడ్లు చాలు. సర్పంచ్ విధులు బోర్డు మీద రాయించడం బదులు, ఊరి నడకలో వాళ్లు చూసిన ఒక వెలగని వీధిదీపమో, పొంగే మోరీయో తీసుకుని ఇది ఎవరికి చెప్పాలి అని మొదలుపెట్టండి. వార్డు సభ్యులు, కార్యదర్శి, సర్పంచ్ ఎవరెవరో ఆ దారిలోనే వస్తారు. ఓటు గురించి చెప్పాలంటే లీడర్‌ను ఎన్నుకోమనకండి, అందరికీ ఇష్టమైన పిల్లాడే గెలుస్తాడు. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఏం చేద్దామన్న విషయం పెట్టి, మూడు మార్గాలు ఇవ్వండి. చేతులెత్తిస్తే పక్కవాళ్లను చూసి ఎత్తుతారు. మూత పెట్టిన మూడు డబ్బాలు తెర చాటున పెట్టి, మనిషికొక చింతగింజ ఇవ్వండి. లెక్క 26 రావాలి, 27 వస్తే ఎందుకొచ్చిందో మాట్లాడి మళ్లీ ఓటు వేయించాలి. గెలిచింది మీకు నచ్చకపోయినా శనివారం అదే చేయాలి. చేయకపోతే పాఠం మొత్తం అబద్ధమవుతుంది.

సమయం సంగతి. వారానికి రెండు పీరియడ్లు చొప్పున దిక్కులకు రెండు, పై నుంచి చూడటానికి రెండు, గదికి రెండు, ఊరికీ ముగ్గుకీ మూడు, పెద్ద పటానికి ఒకటి. మొత్తం పది, అంటే ఐదు వారాలు. నాలుగు వారాల్లో కావాలంటే గది పటాన్ని లెక్కల పీరియడ్‌లోకి, ఊరి నడక తర్వాత రాసే నాలుగు వాక్యాలను తెలుగులోకి తోయండి. రెండింటిలోనూ అది పాఠ్యాంశానికి సంబంధించిన పనే.

పరీక్షకు పాఠంలోని ప్రశ్నలు రాయించడం తప్పదు, కానీ పని అయ్యాక రాయించండి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు మార్కులకు గది పటం, తాడు మీద పెట్టిన నాణేల పట్టిక నేరుగా పనికొస్తాయి. రాతపరీక్షలో ఒక ప్రశ్న మీరే పెట్టుకోండి: నాలుగు గళ్ల చిన్న పటం గీసి, ఉత్తరం బాణాన్ని పైకి కాక పక్కకు పెట్టి, "బడికి తూర్పున ఏముంది?" అని అడగండి. సగం మంది తప్పు రాస్తే వాళ్లను ఆ కాగితంతోనే ఆవరణలోకి తీసుకెళ్లి, గీత మీద నిలబెట్టి, కాగితం తిప్పమనండి. మార్కులు ఆ తర్వాత వేయవచ్చు.